వేడినీళ్ల ఊటలో దొరికిన పీసీఆర్

నైట్ డ్యూటీ వల్ల ఎపిసోడ్ వినలేకపోయిన వాళ్ల కోసం ఆ ముచ్చటే ఇక్కడ రాస్తున్నాను.

2021 ఏప్రిల్ సంగతి. నా గ్యాంగులో జగిత్యాల దిక్కు తమ్ముడొకడు, స్టీల్ ఫిక్సర్. వాళ్ల నాయినకు సీరియస్ అని ఫోన్ వచ్చింది. అప్పుడు ఇండియా విమానం ఎక్కాలంటే 72 గంటల లోపు చేయించిన ఆర్టీ-పీసీఆర్ నెగెటివ్ రిపోర్టు ఉండాలి. టెస్టు ఇచ్చి వచ్చి, రాత్రంతా క్యాంపు మెట్ల మీద ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. "అన్నా, ముక్కుల పుల్ల పెట్టుడు ఒక్క నిమిషం. మరి రిపోర్టుకు ఇంతసేపు ఏం చేస్తరే?" అని అడిగాడు. నాకు తెలియదు. ఐటీఐలో నేను నేర్చింది డ్రాయింగ్ చదవడం, లెవెల్ పట్టడం. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. సెలవురోజుల్లో చదువుకుంటూ పోతే, ఆ రిపోర్టు వెనక వేడినీళ్లలో బతికే ఒక సూక్ష్మజీవి కనబడింది.

మనం బాత్రూంలో నీళ్లు కాచే డబ్బాను గీజర్ అంటాం కదా. అసలు గీజర్ అంటే భూమిలోంచి ఎగజిమ్మే వేడినీళ్ల ఊట. అమెరికాలోని యెల్లోస్టోన్ నేషనల్ పార్కులో ఇవి వందలున్నాయి. 1964లో థామస్ బ్రాక్ అనే సూక్ష్మజీవుల శాస్త్రవేత్త ఆ పార్కు చూశాడు. ఇండియానా యూనివర్సిటీలో ప్రొఫెసర్. ఊటల నుంచి పారే కాలవల్లో పసుపు, నారింజ, ఆకుపచ్చ రంగుల నాచులాంటి పొరలు కనిపించాయి. చెయ్యి పెడితే బొబ్బలెక్కే నీళ్లలో ప్రాణమున్నదేదో పెరుగుతోంది. మరుసటి ఏడాది నుంచి థర్మామీటరు పట్టుకుని మళ్లీ మళ్లీ వెళ్లాడు. ఒకచోట 82 నుంచి 88 డిగ్రీల వేడిలో గులాబీ రంగు పోగులు కూడా కనిపించాయి.

ఇక్కడ మన సైటు పనికి దగ్గరైన మాట ఒకటుంది. వేడిని ఇష్టపడే బాక్టీరియా ఉన్నాయని అప్పటికే తెలుసు. కానీ ల్యాబుల్లో వాటిని పెంచాలంటే పెట్టెను 55 డిగ్రీల దగ్గర పెట్టడం అలవాటు. పాత డ్రాయింగ్ నమ్ముకుని సైటు కొలవకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. బ్రాక్ సైటులో కొలిచాడు. ఊట 70 డిగ్రీలుంటే పెట్టె కూడా 70లో పెట్టాలన్నది అతని లెక్క.

ఆయన దగ్గర హడ్సన్ ఫ్రీజ్ అనే డిగ్రీ విద్యార్థి ఉండేవాడు. 1966లో మష్రూమ్ స్ప్రింగ్ అనే ఊట నుంచి తెచ్చిన నమూనాను అతను ల్యాబులో పెంచాడు. పసుపు రంగు బాక్టీరియా పెరిగింది. దానికి హాయిగా ఉండే వేడి 70 డిగ్రీలు. 1969లో ఇద్దరూ కలిసి దాన్ని లోకానికి పరిచయం చేశారు. పేరు థర్మస్ అక్వాటికస్. నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటుంది. అదే జాతి బాక్టీరియా వాళ్ల యూనివర్సిటీ వేడినీళ్ల కుళాయిలోనూ దొరికింది! అన్నేళ్లు ఆ నీళ్లు వాడుకున్నారు. 70లో పెట్టి చూసినవాడు లేక అది ఎవరికీ కనబడలేదు.

ఆ జీవి చావకుండా ఎలా ఉంటుంది? ఎంజైములంటే ప్రాణుల ఒంట్లో పనులు నడిపే ప్రొటీన్లు. కోడిగుడ్డు ఉడికిస్తే తెల్లసొన గట్టిపడుతుంది కదా, అది ప్రొటీను. వేడికి దాని మడతలు విడిపోతాయి, మళ్లీ వెనక్కి రాదు. మామూలు ఎంజైముల గతీ అంతే. ఈ బాక్టీరియా ఎంజైముల్లో మడతలు బిగుతుగా ఒదిగి, లోపల పట్లు గట్టిగా ఉంటాయి. స్టీలుకు బైండింగ్ వైరు వదులుగా చుట్టినదానికీ, బిగించి కట్టినదానికీ ఉన్న తేడా అనుకోండి. 1970లో ఫ్రీజ్, బ్రాక్ దీనిలోంచి ఒక ఎంజైము తీసి, నీళ్లు మరిగే దరిదాపుల్లో కూడా అది పనిచేస్తుందని చూపించారు. 1976లో సిన్సినాటి యూనివర్సిటీలో ఆలిస్ చియెన్, డేవిడ్ ఎడ్గర్, జాన్ ట్రెలా డీఎన్ఏను కాపీ చేసే ఎంజైమును వేరుచేశారు. థర్మస్ అక్వాటికస్ పేరులోంచే దాన్ని 'టాక్' పాలిమరేజ్ అంటారు. దానితో ఇంత పని పడుతుందని అప్పుడు ఎవరూ అనుకోలేదు.

1983లో కాలిఫోర్నియాలోని సీటస్ కంపెనీలో పనిచేసే కారీ మల్లిస్‌కు రాత్రి కారు నడుపుతుండగా ఒక ఆలోచన వచ్చింది. డీఎన్ఏ అంటే రెండు పేటల తాడు. 95 డిగ్రీల దగ్గర వేడి చేస్తే పేటలు విడిపోతాయి. కొంచెం చల్లార్చి, ఎంజైము వేస్తే ఒక్కో పేట పక్కన కొత్త పేట అల్లుకుంటుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగు. 20 సార్లు చేస్తే పది లక్షలు దాటుతుంది, 30 సార్లు చేస్తే వంద కోట్లు దాటుతుంది. ఇదే పీసీఆర్.

చిక్కెక్కడంటే, అప్పట్లో వాడిన ఎంజైము మన పేగుల్లో ఉండే ఈ-కోలై బాక్టీరియాది. 95 డిగ్రీల దగ్గర అది పాడైపోయేది. అందుకని ప్రతి చుట్టుకూ మనిషి పక్కన నిలబడి కొత్తగా వెయ్యాలి. ఒక్కో స్లాబు పొయ్యగానే మేస్త్రీ పడిపోతే, ఇంకో స్లాబుకు ఇంకో మేస్త్రీని తెచ్చినట్టు. టాక్ వచ్చాక ఒకసారి వేసి మూత పెడితే చాలు, 30 చుట్లూ మెషిన్ తిప్పుతుంది. ఎక్కువ వేడిలో పని జరగడంతో తప్పు అతుకులూ తగ్గాయి. 1988లో సీటస్ వాళ్లు ఈ పద్ధతిని సైన్స్ పత్రికలో ప్రకటించారు. 1989లో అదే పత్రిక ఈ ఎంజైమును ఆ ఏటి మేటి అణువుగా ఎంచింది. 1993లో మల్లిస్‌కు నోబెల్ బహుమతిలో వాటా వచ్చింది.

మన తమ్ముడి నమూనాలోనూ జరిగింది ఇదే. కరోనా వైరస్‌లో ఉండేది ఆర్ఎన్ఏ. ముందు దాన్ని డీఎన్ఏగా మార్చి, తర్వాత వేడి, చల్లన, వేడి, చల్లన అంటూ చుట్లు తిప్పుతారు. వైరస్ ఉంటే లెక్క పెరుగుతుంది, లేకపోతే పెరగదు. రిపోర్టుకు పట్టే సమయంలో కొంత ఈ చుట్లది, చాలావరకు క్యూలో నమూనాలది.

ఇక డబ్బు సంగతి. కష్టమొకరిది, ఫలమొకరిది అన్న మాట మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1991లో రోష్ కంపెనీ పీసీఆర్ హక్కులను 30 కోట్ల డాలర్లకు కొన్నది. ఐడియా ఇచ్చిన మల్లిస్‌కు కంపెనీ ఇచ్చిన బోనస్ 10,000 డాలర్లు. బ్రాక్ తన బాక్టీరియాను ఎవరైనా తెచ్చుకునేలా నమూనాల భాండాగారంలో పెట్టాడు, పేటెంట్ తీసుకోలేదు. ఊట ఉన్న పార్కుకు ఈ ఎంజైము మీద పైసా రాలేదు. ఆ పాఠంతోనే 1997లో పార్కు వాళ్లు డైవర్సా అనే కంపెనీతో లాభంలో వాటా ఒప్పందం రాసుకున్నారు. మన దేశంలోనూ 2002 జీవవైవిధ్య చట్టం ఈ వాటా గురించే మాట్లాడుతుంది. బ్రాక్, ఫ్రీజ్‌లకు 2013లో గోల్డెన్ గూస్ అవార్డు వచ్చింది. పనికిరాదనిపించి తర్వాత లోకానికి అక్కరకొచ్చిన పరిశోధనలకు ఇచ్చేది అది. బ్రాక్ 2021 ఏప్రిల్‌లో, 94 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. మన తమ్ముడు మెట్ల మీద కూర్చున్నదీ ఆ నెలలోనే.

చివరిగా ఒక మాట. "మనం కూడా ఎండకు అలవాటు పడ్డోళ్లమే, మనకేం కాదు" అని సైటులో కుర్రాళ్లు అంటుంటారు. కాదు తమ్మీ. మన ఒంట్లో ఎంజైములు 37 డిగ్రీలకు తయారైనవి. ఒళ్లు 40 దాటితే వడదెబ్బే, ప్రాణం మీదికే వస్తుంది. థర్మస్ అక్వాటికస్‌కు ఉన్న గట్టి పట్లు మనకు లేవు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని బందు అని రూలు ఉన్నది ఊరికే కాదు. ఆ టైంలో నీడకు రండి, నీళ్లు తాగండి. తల తిరుగుతుంటే దాచుకోకుండా ఫోర్‌మన్‌కు చెప్పండి.

తమ్ముడి రిపోర్టు తెల్లవారి నాలుగింటికి వచ్చింది, నెగెటివ్. నాయిన ఇంకా మాట్లాడగలిగినప్పుడే ఇల్లు చేరాడు. మొన్న ఫోన్‌లో ఈ కథంతా చెప్తే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అన్నా, ఆ పురుగు నల్లా నీళ్లల్లనే ఉండెనా?" అన్నాడు. నల్లా నీళ్లల్లనే ఉండె తమ్మీ. 70లో పెట్టి చూసినోడే లేకుండె.