మతి చలించినవారూ, మన బాధ్యతా: కొంత చరిత్ర

2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున తమిళనాడులోని రామనాథపురం జిల్లా ఏర్వాడిలో ఒక పాకకు నిప్పంటుకుంది. అది ఆసుపత్రి కాదు. ఏర్వాడి దర్గాకు మతి చలించినవారిని తీసుకొచ్చిన కుటుంబాలు డబ్బు కట్టి వారిని విడిచిపోయే ప్రైవేటు వసతి. అక్కడ రోగులను గొలుసులతో కట్టి ఉంచేవారు. మంటలు లేచినప్పుడు కట్టు ఉన్నవాళ్లు లేచి పరుగెత్తలేకపోయారు. మొత్తం 28 మంది చనిపోయారు.

ఆ తర్వాత దర్గాలదే తప్పని కొందరు, మూఢనమ్మకమని మరికొందరు అన్నారు. నాకు అది సగం మాటగానే తోస్తుంది. ఏర్వాడికి ముస్లిములే కాదు, హిందువులూ పోతారు. గొలుసు దర్గాలో పుట్టింది కూడా కాదు. కన్నతల్లి పొద్దున కూలికి పోవాలి. కొడుకు రోడ్డున పడి పోతాడేమో, ఎవరినైనా కొడతాడేమో అని భయం. గుంజకు కట్టి, పక్కన చెంబుతో నీళ్లు పెట్టి పోతుంది. ఆమెకు దగ్గరలో మందు దొరికి ఉంటే కట్టేదా?

మందు దగ్గరలో లేదన్నది చరిత్రే. మన చిత్తూరు సీమ 1953 వరకూ మద్రాసు కిందే ఉండేది. పిచ్చాసుపత్రి అంటే 1871లో తెరిచిన కీల్పాక్. 1912 చట్టం ప్రకారం మామూలుగా మేజిస్ట్రేటు ఉత్తర్వు మీద రోగిని లోపల పెట్టేవారు. దొంగకూ రోగికీ ఒకే గుమ్మం అన్నమాట! ఇంట్లో పెళ్లి కావలసిన ఆడపిల్లలున్నవాళ్లు ఆ గుమ్మం ఎందుకు తొక్కుతారు?

మన పూర్వుల చరిత్ర చూస్తే ఇంకో దారి కనబడుతుంది. 1154లో డమాస్కస్‌లో సుల్తాన్ నూరుద్దీన్ ఆసుపత్రి కట్టించాడు. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన ఆసుపత్రిలో మతి చలించినవారికి వేరే విభాగం ఉండేది, ఖర్చు వక్ఫ్ ఆస్తుల మీద నడిచేది. అంతకుముందే, 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీరానికి వచ్చినట్టే మనసుకూ జబ్బు వస్తుందని, భయానికీ దిగులుకూ కోపానికీ చికిత్స ఉందని ఒక గ్రంథమే రాశాడు. ఆ రోజుల ఆసుపత్రుల్లో కొన్నిచోట్ల గొలుసులు కూడా ఉండేవని యాత్రికులు రాశారు. అది దాచనవసరం లేదు.

షరియత్‌లో మతి లేనివాడి మీద నమాజు, రోజా బాధ్యత లేదు. తెలివి తక్కువవారి చేతికి ఆస్తి ఇవ్వకుండా, దానిలోంచే వారికి తిండీ బట్టా పెట్టి, మంచిమాట చెప్పమని సూరా నిసా అయిదో ఆయత్ ఆదేశం. ఆస్తికి కాపలా అన్నారు గాని మనిషిని కట్టెయ్యమనలేదు.

వైద్యం వైపు కూడా లెక్క శుభ్రంగా లేదు. 1938లో రోమ్‌లో కరెంటు చికిత్స మొదలైంది. మత్తు ఇవ్వకుండా ఎంతమందికి పెట్టారో! మెదడులో నరాలు కోసే ఆపరేషనుకు 1949లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ కోత తర్వాత ఎందరో బతికి ఉండీ జీవం లేనివారయ్యారు. 1952 నుంచి క్లోర్‌ప్రోమజిన్ మందు వాడకంలోకి వచ్చాక గొలుసు విప్పి మాత్ర ఇచ్చే వీలు కలిగింది. వెల్లూరు సీ.ఎం.సి. మానసిక వైద్యశాల రోగితోపాటు ఇంటివారినీ ఉండనిచ్చే పద్ధతికి పేరుపొందింది. చంద్రగిరి నుంచి వెల్లూరు ఎంత దూరమో మనకు తెలుసు.

1987 చట్టం 1993లో అమలుకొచ్చి, లైసెన్సు లేనిదే ఇలాంటి ఇళ్లు నడపరాదంది. అయినా ఏర్వాడి జరిగింది. 2002లో సుప్రీంకోర్టు, గొలుసు వేయడం చట్టవిరుద్ధమనీ, రోగిని గుడికో దర్గాకో కాక డాక్టరు దగ్గరికి పంపాలనీ ప్రచారం చేయమన్నది. మొదటి మాట సరే. రెండోదాన్ని మన జనం వినలేదు, వినరు కూడా. గుజరాత్‌లో మెహసానా జిల్లా ఉనావా మీరా దాతార్ దర్గాలో వేరే విధంగా చేశారు. 'దవా-దువా' పేరుతో ముజావర్లే దువా చేసి, రోగిని అక్కడే ఉన్న డాక్టరు దగ్గరికి పంపుతున్నారు. నాకు ఇది ఎక్కువ నచ్చింది. దువా మానుకోమని ఎవరినీ అడగనక్కరలేదు.

2018 మే నుంచి అమల్లో ఉన్న 2017 చట్టం గొలుసునూ, మత్తు లేని కరెంటునూ పూర్తిగా నిషేధించింది. మెదడు ఆపరేషనుకు రోగి సమ్మతీ, బోర్డు అనుమతీ రెండూ కావాలి. ఇళ్లలో మాత్రం మరో చిక్కు ఉంది. టీలో మాత్ర పొడి కలిపి చెప్పకుండా తాగించడం. ప్రేమతోనే చేస్తారు. కాని ఒకరోజు అది బయటపడితే ఆ మనిషి ఇంటివారి చేతి అన్నం కూడా నమ్మడు. అప్పుడు మాత్రా పోయె, అన్నమూ పోయె. డాక్టరుకు చెప్పి, ఆయన సలహాతో వేరే దారి వెదకడం మేలు.

ఈ చట్టంలో మనవాళ్లకు అంతగా తెలియని సౌకర్యం ఒకటుంది. బుద్ధి స్థిమితంగా ఉన్నప్పుడే ఎవరైనా, రేపు నాకు జబ్బు చేస్తే నా తరఫున ఫలానా వ్యక్తి మాట్లాడాలి అని తెల్లకాగితం మీద రాసి సంతకం చేయవచ్చు. సంతకం రానివారు వేలిముద్ర వేయవచ్చు. ఆ వ్యక్తి పద్దెనిమిదేళ్లు నిండినవాడై, ఆ బాధ్యతకు ఒప్పుకోవాలి. తర్వాత మనసు మారితే పేరు మార్చుకోవచ్చు.