అతిశయార్థంలో నిర్ధారణ: అమీర్‌పేట ఆంగ్లబోధన నేపథ్యంలో ఒక పరిశీలన

తెలుగు మాతృభాషగా గలవారికి ఆంగ్లంలో అతిశయార్థక విశేషణానికి ముందు 'ద' అనే నిశ్చయార్థక ఉపపదాన్ని చేర్చడం చిక్కైన అంశం. ఈ చిక్కుకు అజాగ్రత్త కారణం కాదని, రెండు భాషల నిర్మాణభేదమే మూలమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1814లో విలియం కేరీ, 1816లో ఎ.డి. క్యాంప్‌బెల్, 1840లో సి.పి. బ్రౌన్ ఆంగ్లం తెలిసినవారి కోసం తెలుగు వ్యాకరణాలను ప్రకటించారు. శతాబ్దంన్నర తరువాత అభ్యసన దిశ తారుమారైంది. హైదరాబాదులో 1958లో ఏర్పడిన కేంద్రీయ ఆంగ్ల సంస్థ 2007లో ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా రూపొందింది. మరోవైపు 1990ల నుండి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల ఆకర్షణతో అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతాలలో కంప్యూటర్ శిక్షణ కేంద్రాల సరసనే స్పోకెన్ ఇంగ్లిష్ తరగతులు విస్తరించాయి. జిల్లాల నుండి వచ్చిన తెలుగు మాధ్యమ పట్టభద్రులకు ఇంటర్వ్యూలో దొర్లే చిన్న వ్యాకరణదోషం కూడా అవకాశాన్ని దూరం చేయగలదు.

'హి ఈజ్ టాలెస్ట్ బాయ్ ఇన్ ద క్లాస్' అనే ప్రయోగం అటువంటిది. దీని వెనుక ఉన్న తెలుగు వాక్యం 'తరగతిలో అందరికంటే పొడవైన అబ్బాయి అతడే'. ఇందులో 'పొడవైన' అనే విశేషణం రూపం మారలేదు. అతిశయార్థాన్ని 'అందరికంటే' అనే పదం వహిస్తున్నది. 'ద'కు సమానమైన పదానికి ఈ వాక్యంలో చోటే లేదు.

సముదాయం నుండి ఒకదానిని గుణాదులచేత వేరుచేసి చెప్పడాన్ని సంస్కృత వ్యాకర్తలు నిర్ధారణ అన్నారు. పాణిని దీనికి షష్ఠీ, సప్తమీ విభక్తులను విధించాడు. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) 'కంటెన్' ప్రత్యయాన్ని పంచమిలోను, 'లోన్', 'లోపలన్' ప్రత్యయాలను షష్ఠిలోను చేర్చింది. అనగా తెలుగు నిర్ధారణను సముదాయవాచకంపై గుర్తిస్తుంది. ఆంగ్లం విశేషణానికి 'ఎస్ట్' చేర్చి, వేరుపడిన వ్యక్తిని 'ద'తో నిర్దేశిస్తుంది.

మినహాయింపులుగా కనిపించే ప్రయోగాలు కూడా ఈ వివరణకు లోబడతాయి. 'ద లేక్ ఈజ్ డీపెస్ట్ హియర్' అన్నప్పుడు ఒకే సరస్సులోని చోట్లను పోల్చుతున్నారు. సరస్సుల నుండి ఒకదానిని ఎంచడం లేదు. కనుక 'డీపెస్ట్' ముందు 'ద' అవసరం లేదు. 'ఎ మోస్ట్ యూస్‌ఫుల్ బుక్' అంటే మిక్కిలి ఉపయోగకరమైన పుస్తకం. ఇక్కడా నిర్ధారణ లేదు. 'మై బెస్ట్ ఫ్రెండ్'లో నిర్దేశించే పని 'మై' చేస్తున్నది.

కాబట్టి 'సూపర్‌లేటివ్ ముందు ద' అనే కంఠస్థ సూత్రం చాలదు. 'అందరిలో', 'అన్నిటికంటే' అనే తెలుగు పదాలు చేసే పనిని విద్యార్థికి ముందుగా చూపితే 'ద' ప్రయోజనం అతనికి బోధపడుతుంది. మాతృభాషా వ్యాకరణజ్ఞానం ఆంగ్లాభ్యసనానికి ఆటంకం కాక ఆధారం కాగలదు. ఈ దిశలో తెలుగు శాఖలు చేయవలసిన కృషి ఎంతో ఉన్నది.