క్షామంలో సేవ - ఒంగోలు తొలి క్రైస్తవులు

ప్రతిఫలాపేక్ష లేక అన్నార్తులకు ఆహారమిచ్చేవారిని దివ్య ఖుర్ఆన్ దహ్ర్ సూరాలో ప్రశంసించింది. ఈ దృష్టితో పరిశీలించదగిన ఘట్టమొకటి ఒంగోలు చరిత్రలో ఉంది.

1876-78 నాటి ఘోర క్షామంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో సుమారు 3½ మైళ్ళ తవ్వకాన్ని గుత్తకు తీసుకొని, బీదలకు కూలిపని కల్పించాడు. తెలుగు బోధకులే మేస్త్రీలై, తమ పల్లెల నుండి వచ్చిన మాదిగ కూలీల కష్టసుఖాలు విచారించారు. ఆ సాహచర్యం వల్ల ఎందరో క్రైస్తవం స్వీకరింపగోరారు. అయితే అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని, క్లౌ నెలల తరబడి బాప్తిస్మం ఇవ్వలేదు. సహాయం నిలిపిన తర్వాతే మళ్ళీ ఆరంభించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆకలిగొన్నవానికి పెట్టే అన్నం విశ్వాసానికి వెల కారాదు. ధర్మప్రచారం చేసే ఎవరికైనా ఇది స్మరణీయం.