టేమర్ నది దాటని గీత: కార్న్‌వాల్ పార్లమెంటు నియోజకవర్గాల హద్దులపై ఒక పరిశీలన

1. ప్రతిపాదన

ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కౌంటీ కార్న్‌వాల్. దానికి మూడు వైపులా సముద్రం, తూర్పున టేమర్ నది. ఆ నది పుట్టిన చోటికి ఉత్తర తీరం ఆరు కిలోమీటర్లలోపే ఉంటుంది. ఆ కాస్త నేల తప్పితే కౌంటీ అంతటినీ నీరే చుట్టి ఉంది. 2024 జూలై 4న జరిగిన సాధారణ ఎన్నికల్లో సిల్లీ దీవులతో కలిపి ఇక్కడి నుంచి ఆరుగురు పార్లమెంటుకు ఎన్నికయ్యారు. ఆ ఆరు నియోజకవర్గాల్లో ఏదీ నది దాటి పక్కనున్న డెవాన్ కౌంటీలోకి పోలేదు. అంతకు ముందు మాత్రం 2011లో ఒకసారి, 2018లో మరోసారి నది దాటే నియోజకవర్గాన్ని అధికారికంగానే గీశారు. ఆ రెండూ అమలుకు నోచుకోలేదు.

దీన్ని స్థానికుల పోరాట ఫలితంగా చెప్పుకోవడం పరిపాటి. ఆ పోరాటంలోని నిజాయతీని శంకించవలసిన పని లేదు. అయితే చట్టాన్నీ అంకెలనూ పక్కపక్కన పెట్టి చదివితే తేలేది వేరు. కార్న్‌వాల్ హద్దు హక్కుగా నిలవలేదు, లెక్క కలిసిరావడం వల్ల నిలిచింది. లెక్క తప్పిన రోజున దాన్ని కాపాడే నిబంధన చట్టంలో ఎక్కడా లేదు. ఆ నిబంధన ఎందుకు కావాలో, దానివల్ల ఓటు సమానత్వానికి ఎంత నష్టమో తేల్చడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నలభై నాలుగు నుంచి ఆరుకు

ప్రాంతం పేరు చెప్పి ప్రాతినిధ్యం అడిగేవారు ముందుగా కార్న్‌వాల్ గతాన్నే ఎదుర్కోవాలి. 1821 వరకు ఈ ఒక్క కౌంటీ 44 మంది సభ్యులను కామన్స్ సభకు పంపేది. అప్పట్లో స్కాట్లండ్ మొత్తానికి ఉన్నవి 45 స్థానాలే. ట్యూడర్ రాజుల కాలంలో చిన్న చిన్న ఊళ్లకు కూడా ఇద్దరేసి సభ్యులను ఎన్నుకునే హక్కు ఇవ్వడం ఇందుకు ప్రధాన కారణం. ఓటర్లు కొద్దిమంది కావడంతో స్థానాలు అమ్ముడుపోయేవి. లంచాల వ్యవహారం బయటపడి గ్రాంపౌండ్ అనే అలాంటి ఊరు 1821లో తన రెండు స్థానాలను పోగొట్టుకుంది. వాటిని యార్క్‌షైర్‌కు ఇచ్చారు. ఇదే నైరుతిలోని విల్ట్‌షైర్‌లో, నివాసులే లేని ఓల్డ్ సారం 1832 దాకా ఇద్దరు సభ్యులను పంపుతూనే ఉంది. మాంచెస్టర్ వంటి మహానగరానికి అప్పటిదాకా ఒక్క స్థానమూ లేదు.

1832 సంస్కరణ చట్టం కార్న్‌వాల్ స్థానాలను 14కు తగ్గించింది. 1885లో అవి ఏడు, 1918లో ఐదు అయ్యాయి. 2010లో ఆరో స్థానం వచ్చింది. ఓటుకు ఓటు సమానం అనే సూత్రం ఎంత పోరాటంతో దక్కిందో ఈ వరుసే చెబుతుంది. కాబట్టి సమానత్వాన్ని కాదని ప్రాంతాన్ని నిలబెట్టాలనడం సరికాదు. రెండింటికీ చోటు ఉందా లేదా అన్నదే తేలవలసిన ప్రశ్న.

3. ప్రాధాన్య క్రమం మారిన తీరు

1944 చట్టం ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌లకు వేర్వేరు శాశ్వత సరిహద్దుల కమిషన్లను ఏర్పరచింది. 1986 చట్టం వరకు వచ్చిన నియమాల్లో, వీలైనంతవరకు నియోజకవర్గం కౌంటీ హద్దు దాటరాదన్నదే ముందుండేది. సంఖ్యల సమానత్వాన్ని ఆ చట్రంలోనే సాధించేవారు.

2011 చట్టం ఈ క్రమాన్ని తిరగరాసింది. సభ్యుల సంఖ్యను 650 నుంచి 600కు తగ్గించాలంది. ప్రతి నియోజకవర్గంలోని ఓటర్లు జాతీయ కోటాకు, అంటే ఒక్కో నియోజకవర్గానికి పడే సగటు ఓటర్ల సంఖ్యకు, ఐదు శాతం అటూ ఇటూలోనే ఉండి తీరాలంది. స్థానిక హద్దులు, స్థానిక బంధాలు, భౌగోళిక పరిస్థితులు అప్పటినుంచి ఆ ఐదు శాతం లోపల మాత్రమే పరిగణించదగ్గ అంశాలయ్యాయి. కొన్ని ద్వీపాలకు మినహాయింపు దక్కింది. ప్రభువుల సభ పట్టుబట్టడంతో ఐల్ ఆఫ్ వైట్ కూడా ఆ జాబితాలో చేరింది. కార్న్‌వాల్‌కూ అదే ఇవ్వాలన్న వాదన నెగ్గలేదు. నది దాటవద్దని స్థానికులు ఆందోళనకు దిగితే, ఇది టేమరే గాని అమెజాన్ కాదు కదా అన్న అర్థంలో అప్పటి ప్రధాని డేవిడ్ కామెరాన్ మాట్లాడారు. ఆ మాట అక్కడివారికి ఇప్పటికీ గుర్తుంది.

ఫలితంగా 2011 సెప్టెంబరులో ‘బిడిఫర్డ్ అండ్ బ్యూడ్’ అనే ప్రతిపాదన వెలువడింది. బిడిఫర్డ్ డెవాన్‌లోది, బ్యూడ్ కార్న్‌వాల్‌లోది. జనం దానికి ‘డెవన్‌వాల్’ అని పేరు పెట్టారు. సంకీర్ణ ప్రభుత్వంలోని రెండు పార్టీల మధ్య విభేదాలు రావడంతో 2013 జనవరిలో పార్లమెంటు ఆ ప్రక్రియనే వాయిదా వేసింది. 2018 నాటి తుది నివేదికలో అదే ఆలోచన ‘బిడిఫర్డ్, బ్యూడ్ అండ్ లాన్‌స్టన్’గా తిరిగి వచ్చింది. ఆ నివేదికను ప్రభుత్వం అమలు చేయలేదు. 2020 చట్టం మళ్లీ 650 స్థానాలనే ఖాయం చేసింది, ఐదు శాతం నియమాన్ని మాత్రం ముట్టుకోలేదు.

4. లెక్కలో ఉన్న ఖాళీ

2018 సమీక్షలో కోటా 74,769. ఒక్కో నియోజకవర్గంలో కనీసం 71,031 మంది, గరిష్ఠంగా 78,507 మంది ఓటర్లు ఉండాలి. ఆ లెక్కన ఐదు నియోజకవర్గాల్లో పట్టేది 3,92,535 మంది. ఆరు ఏర్పడాలంటే 4,26,186 మంది కావాలి. ఈ రెంటి మధ్య దాదాపు 33,600 మంది మేర ఖాళీ ఉంది. ఏ కౌంటీ ఓటర్ల సంఖ్య ఆ ఖాళీలో పడితే ఆ కౌంటీని విడిగా విభజించడం అసాధ్యం. కార్న్‌వాల్ సరిగ్గా అందులో పడింది. కమిషన్ నది దాటడానికి కారణం ఇంతే.

2023 సమీక్షలో 2020 మార్చి 2 నాటి ఓటర్ల జాబితా ప్రామాణికమైంది. కోటా 73,393కు దిగింది, పరిమితులు 69,724, 77,062 అయ్యాయి. ఆరు స్థానాలకు 4,18,344 నుంచి 4,62,372 వరకు సరిపోతుంది. ఈసారి కార్న్‌వాల్ ఈ పరిధిలోకి వచ్చింది. హద్దు చెక్కుచెదరలేదు. ఈ రెండు సమీక్షల మధ్య కార్న్‌వాల్ ప్రత్యేకతను గుర్తిస్తూ చట్టంలో చేరిన మాట ఒక్కటీ లేదు. మారినవి సభ మొత్తం స్థానాలు, జాబితా తేదీ. వ్యక్తిగత నమోదు పద్ధతి కొత్తగా వచ్చిన రోజుల్లో, 2015 డిసెంబరు నాటి జాబితాపై 2018 లెక్క నడిచింది. ఆ తర్వాత ఐరోపా సమాఖ్య సభ్యత్వంపై ప్రజాభిప్రాయ సేకరణ, రెండు సాధారణ ఎన్నికలు రావడంతో దేశమంతటా లక్షల మంది కొత్తగా పేరు నమోదు చేసుకున్నారు.

ఈ ఖాళీ చిన్న కౌంటీలకే శాపం. ఐదు శాతం నియమం కింద పదో, అంతకు మించో స్థానాలున్న కౌంటీకి ఆ ఖాళీ ఉండదు. పది స్థానాల గరిష్ఠం పదిన్నర కోటాలైతే, పదకొండు స్థానాల కనిష్ఠం 10.45 కోటాలు. రెండూ ఒకదానిపై ఒకటి పడతాయి. ఐదారు స్థానాల కౌంటీకి మాత్రం 5.25 కోటాల నుంచి 5.7 కోటాల వరకు దారి మూసుకుపోతుంది. 2020లో ప్రభువుల సభ సూచించిన ఏడున్నర శాతాన్ని కామన్స్ తిరస్కరించింది. అది అమలైనా ఖాళీ తగ్గేదే గాని పోయేది కాదు. 2015లో కామన్స్ సభా సంఘం ఒకటి సిఫారసు చేసిన పది శాతంతో మాత్రం పూర్తిగా తొలగిపోతుంది. ఐదు స్థానాల గరిష్ఠం 5.5 కోటాలు, ఆరింటి కనిష్ఠం 5.4.

5. నదికి ఇరువైపులా బతుకు

టేమర్ మనుషులను విడదీయలేదన్నది ఎదుటి వాదన. అందులో నిజముంది. సాల్టాష్ నుంచి రాయల్ ఆల్బర్ట్ రైలు వంతెన 1859 నుంచి, రోడ్డు వంతెన 1961 నుంచి జనాన్ని డెవాన్‌లోని ప్లిమత్‌కు చేరవేస్తున్నాయి. టార్‌పాయింట్ నుంచి ఇనుప గొలుసుల మీద నడిచే ఫెర్రీ ఉంది. డెవన్‌పోర్ట్ నౌకా కేంద్రంలో పనిచేసే కుటుంబాలు నదికి రెండు ఒడ్డుల్లోనూ ఉన్నాయి. ఉత్తరాన బ్యూడ్ ప్రాంతం వారు వైద్యానికి డెవాన్‌లోని బార్న్‌స్టపుల్ ఆసుపత్రికి పోతారు.

అయినా పనికీ వైద్యానికీ పోయే దారి వేరు, సమష్టిగా గొంతు వినిపించే వేదిక వేరు. కార్న్‌వాల్‌కు సొంత భాష ఉంది. 2014 ఏప్రిల్‌లో బ్రిటిష్ ప్రభుత్వమే కార్నిష్ ప్రజలను ఐరోపా మండలి ఒడంబడిక కింద జాతీయ అల్పసంఖ్యాకులుగా గుర్తించింది. అలా గుర్తించిన నాలుగేళ్లకే వారి పట్టణాలను మరో కౌంటీతో కలిపే నివేదిక రావడం అన్యాయం. పక్కనే డెవాన్, సోమర్సెట్‌లను కలుపుతూ ‘టివర్టన్ అండ్ మైన్‌హెడ్’ 2024లో ఏర్పడింది. గ్లౌస్టర్‌షైర్, విల్ట్‌షైర్‌ల మీదుగా ‘సౌత్ కాట్స్‌వోల్డ్స్’ వచ్చింది. ఆ కౌంటీలకు జాతీయ అల్పసంఖ్యాక గుర్తింపు లేదు. కార్న్‌వాల్‌ను వాటితో సమానంగా చూడలేం.

ఈ సందర్భంలో ఆంధ్రప్రదేశ్ అనుభవం ఒకటి పోల్చదగ్గది. 2008 పునర్విభజనలో గీసిన లోక్‌సభ నియోజకవర్గాలనే దాదాపు ప్రాతిపదికగా తీసుకుని 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలను 26 చేశారు. విస్తీర్ణం దృష్ట్యా అరకు ఒక్కటే రెండు జిల్లాలైంది. కార్న్‌వాల్‌లో కౌంటీ ముందుండి నియోజకవర్గం దానిలో ఇమడవలసి వస్తే, ఆంధ్రప్రదేశ్‌లో నియోజకవర్గపు గీతే జిల్లా హద్దయింది. ఓట్ల కోసం గీసిన గీత కలెక్టరేటు ఎక్కడుండాలో, ఎస్పీ కార్యాలయం ఎక్కడుండాలో కూడా నిర్ణయించింది. ఎన్నికల హద్దు ఎన్నికల రోజుతో ముగిసిపోదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

6. పరిష్కారం

పది శాతాన్ని దేశమంతటికీ వర్తింపజేస్తే అతి పెద్ద, అతి చిన్న నియోజకవర్గాల ఓటు విలువలో 22 శాతం దాకా తేడా రావచ్చు. ఐదు శాతంతో అది 11 శాతం లోపే. ఆ మూల్యం దేశమంతా చెల్లించనక్కరలేదు. కార్న్‌వాల్, సిల్లీ దీవుల బయటి హద్దును మాత్రమే చట్టంలో పేర్కొని, దానికి దక్కే కోటాను దగ్గరి పూర్ణసంఖ్యకు సవరిస్తే చాలు. కోటా 5.5 వచ్చినా ఐదు స్థానాలైతే సగటున పది శాతం ఎక్కువ, ఆరైతే ఎనిమిదిన్నర శాతం లోపు తక్కువ. సుమారు 56 వేల మంది ఓటర్లతో ఐల్ ఆఫ్ వైట్‌లో ఒక్కో నియోజకవర్గం కోటాకు సుమారు 24 శాతం తక్కువగా ఉండటాన్ని ఇదే చట్టం అంగీకరించింది. కార్న్‌వాల్ అడిగేది అందులో సగం కూడా కాదు. ఇందులో 44 స్థానాల నాటి అన్యాయం తిరిగి వచ్చే ప్రమాదం లేదు, ఎందుకంటే స్థానాల సంఖ్యను ఇప్పటికీ ఓటర్ల సంఖ్యే నిర్ణయిస్తుంది.

ఇంగ్లండ్ కమిషన్ తన తదుపరి నివేదికను 2031 అక్టోబరు 1లోగా ఇవ్వాలి. 2020 చట్టం తర్వాత కమిషన్ సిఫారసులను తిరస్కరించే అధికారం పార్లమెంటుకు లేదు. పార్టీల జోక్యాన్ని తప్పించిన మంచి మార్పు అది. కానీ 2013లోనూ 2018 తర్వాతా కార్న్‌వాల్‌ను గట్టెక్కించిన రాజకీయ దారి కూడా దానితోనే మూసుకుపోయింది. ఈసారి ఓటర్ల సంఖ్య ఖాళీలో పడితే ఆపగలిగేవారు ఎవరూ ఉండరు. అందుకే రక్షణ నిబంధన సమీక్ష మొదలయ్యాక కాకుండా అంతకు ముందే చట్టంలోకి రావాలి. జాతీయ అల్పసంఖ్యాకులుగా గుర్తించిన ప్రభుత్వం మీద ఆ బాధ్యత ఉంది.