భీమునిపట్నం - భీమిలి: నగరంలో కలిసిన ఒక రేవుపట్నం చరిత్ర

1861లో స్థానిక పాలన సంఘం ఏర్పడిన భీమునిపట్నం 2013లో మహా విశాఖ నగరపాలక సంస్థలో విలీనమైంది. 2021 నగరపాలక ఎన్నికల్లో ఆ పట్టణ ప్రజలు విశాఖ వార్డుల ఓటర్లుగానే పాల్గొన్నారు. ఒకటిన్నర శతాబ్దాల పట్టణ స్వపాలన ఒక ప్రభుత్వ ఉత్తర్వుతో ముగిసినట్లు పైకి కనిపిస్తుంది. అయితే ఈ విలీనానికి పునాది అంతకు చాలాకాలం ముందే, రేవు వర్తకం తరలిపోయిన నాడే పడిందని చారిత్రక క్రమం చెబుతోంది.

పేరు చెప్పే సాక్ష్యం

మచిలీపట్నం, కళింగపట్నం, కృష్ణపట్నం, నిజాంపట్నం వంటి ఊరిపేర్లలో 'పట్నం' అనే ఉత్తరపదం సముద్రతీరపు వర్తక కేంద్రాన్ని సూచిస్తుంది. గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట వెలసిన భీమునిపట్నం కూడా ఈ కోవలోనిదే. ఊరిపేరును స్థానిక ఐతిహ్యం పాండవ భీముడితో ముడిపెడుతుంది. ఊరిని ఆనుకొని ఉన్న పావురాళ్ళకొండపై బౌద్ధ నిర్మాణాల శిథిలాలు ఉన్నాయి. కాబట్టి ఇక్కడి జనావాస చరిత్ర ఐరోపా వర్తకుల రాకకు ఎంతో ముందునాటిది.

రేవు వర్తకం తగ్గాక 'పట్నం' రాలిపోయి 'భీమిలి' మిగిలిందని ఊహించడం సులభం. కానీ ఆంగ్లేయుల రాతల్లోని 'బిమ్లీపటం' అనే రూపం ఈ ఊహకు అడ్డు వస్తుంది. అందులోని 'బిమ్లీ' జనవ్యవహారంలోని 'భీమిలి'కి అనుకరణే. అంటే రేవు వెలుగుతున్న కాలంలోనే ఈ కుదింపు రూపం వాడుకలో ఉందన్నమాట. రేవు పతనం ఊరికి కొత్త పేరు పెట్టలేదు. ఉన్న రెండు పేర్లలో ఒకదాని బలాన్ని తగ్గించింది.

రేవు - రాజ్యాలు

17వ శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ వర్తక స్థావరం ఏర్పరచుకొన్నారు. తెలుగువారు వీరిని 'ఒలందావారు' అన్నారు. 1754లో మరాఠా దండు ఈ ఊరిని దోచుకొంది. తర్వాతి దశాబ్దాల్లో ఐరోపా యుద్ధాల ఫలితంగా స్థావరం డచ్చివారి నుంచి ఆంగ్లేయులకు, తిరిగి డచ్చివారికి చేతులు మారింది. చివరకు 1824 ఒడంబడికను అనుసరించి 1825లో పూర్తిగా ఆంగ్లేయుల వశమైంది. గోపురాకృతి సమాధులున్న శ్మశానవాటిక ఆ దశకు మిగిలిన ప్రధాన సాక్ష్యం.

19వ శతాబ్దంలో ఈ రేవు నుంచి నూనెగింజలు, కరక్కాయలు, గోగునార ఎగుమతి అయ్యేవి. ఓడలు తీరానికి దూరంగా లంగరు వేసేవి. సరుకును మసూలా పడవలు అలలు దాటించి చేరవేసేవి. ఇక్కడి గోగునార ప్రపంచ విపణిలో 'బిమ్లీ జూట్' అనే పేరు పొందింది. ఒక పంటనారకు ఊరిపేరే వర్తకనామం కావడం ఆ రేవు ప్రతిపత్తికి గుర్తు.

తరలిన వర్తకం

19వ శతాబ్దం చివరి దశకంలో వేసిన తూర్పుతీర రైలుమార్గం విజయనగరం, వాల్తేరుల మీదుగా సాగింది; భీమునిపట్నం ఆ దారిలో లేదు. 1931లో రాయపూర్ - విజయనగరం మార్గం పూర్తయింది. 1933లో విశాఖ ఓడరేవు ప్రారంభమైంది. మధ్యపరగణాల సరుకు రైలులో నేరుగా ఓడ పక్కకు చేరే వీలు కలిగాక, పడవలపై ఆధారపడిన రేవు పోటీలో నిలవడం అసాధ్యమైంది. నిన్నటి వరకు సాటి రేవుగా ఉన్న విశాఖకు భీమునిపట్నం క్రమంగా శివారు అయింది.

సముద్రతీర రహదారి, రుషికొండ మొదలుకొని సాగిన పర్యాటక విస్తరణ ఈ మార్పుకు చివరి దశ. ఒకప్పుడు వర్తకుణ్ణి రప్పించిన తీరమే ఇప్పుడు విహారిని రప్పిస్తోంది. పర్యాటక ప్రచారంలో భీమిలి ఒక 'బీచ్'గా, డచ్చి సమాధులు దారిలో చూడదగ్గ వింతగా కనిపిస్తాయి. పడవ నడిపిన బెస్తలకు, మూటలు మోసిన కూలీలకు, గోగు పండించిన రైతులకు ఆ చిత్రంలో చోటు లేదు.

ముగింపు

పరిపాలనాపరమైన విలీనం పట్టణపు హద్దును మాత్రమే చెరుపుతుంది. రేవుపట్నపు స్మృతి విహారస్థల వర్ణనలో కరిగిపోతే ఊరి చరిత్రే చెరిగిపోతుంది. విశాఖ నగర చరిత్రలో భీమునిపట్నాన్ని శివారు అధ్యాయంగా కాక, ఒకనాటి సమాన ప్రత్యర్థిగా నమోదు చేయడం చరిత్ర రచన బాధ్యత. పురపాలక పత్రాలు, రేవు లెక్కలు, బెస్తవాడల మౌఖిక కథనాలు, పేటల పేర్లు కలిపి పరిశీలించినప్పుడే ఆ రచన సాధ్యమవుతుంది.