అజిత్ కళ్లతో బ్యోమ్‌కేశ్

నేరస్థుడెవరో ముందే తెలిసిపోయాక అపరాధ పరిశోధన సీరియల్‌లో చూడ్డానికి ఇంకేముంటుంది? ‘బ్యోమ్‌కేశ్ బక్షీ’లో చాలా ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు మన ధ్యాసంతా బ్యోమ్‌కేశ్ మీదే. రజిత్ కపూర్ చూపు ఎటు పోతే మన చూపూ అటే పోతుంది. రెండోసారి చూస్తే ఆ పక్క కుర్చీలో కూర్చున్న అజిత్ కనిపిస్తాడు. కె.కె. రైనా వేసిన ఆ పాత్రలోనే ఈ సీరియల్ ప్రాణం ఉందని నా గట్టి నమ్మకం.

బాసు ఛటర్జీ దీన్ని దూరదర్శన్ కోసం తీశారు. 1993లో ఒక విడత వచ్చింది, 1997లో మరొకటి. అప్పటికి బుల్లితెర డిటెక్టివ్ అంటే 1985 నాటి కరమ్‌చంద్. క్యారెట్ నమలడం, సెక్రటరీ కిట్టీని నోరు మూయించడం జనం నోళ్లలో బాగా నానాయి. బ్యోమ్‌కేశ్‌కు అలాంటి విన్యాసాలేవీ లేవు. ధోవతి, లాల్చీ, చేతిలో సిగరెట్టు. కాలేజీ లెక్చరరని చెప్పినా నమ్మేటట్టు ఉంటాడు. హిందీ అంతంతమాత్రంగా వచ్చిన తెలుగిళ్లలో కూడా ఈ మనిషి కుదురుకున్నాడంటే ఆశ్చర్యం లేదు. శరత్ నవలలు తెలుగులో చదువుకున్న ఇళ్లకు కలకత్తా వీధులు, మెస్సు గదులు పరాయివి కావు. కొమ్మూరి సాంబశివరావు నవలలు అద్దెకు తెచ్చుకున్నవాళ్లకు యుగంధర్, రాజుల జోడీ ఉండనే ఉంది. అయితే రాజు అసిస్టెంటు, అజిత్ అసిస్టెంటు కాదు. అతను రచయిత, స్నేహితుడు. ఎవరి దగ్గరా జీతం తీసుకోడు, ఎవరి ఆజ్ఞలూ పాటించడు. చూసింది చూసినట్టు రాసుకుంటాడు, అంతే.

ఈ జోడీని సృష్టించిన శరదిందు బందోపాధ్యాయ 1899లో జౌన్‌పూర్‌లో పుట్టారు. లా చదివి కొంతకాలం వకీలుగా పనిచేసి, ఆ తర్వాత రాతలోకి వచ్చేశారు. బ్యోమ్‌కేశ్ కథలు మొదలుపెట్టింది 1932లో. 1938లో బాంబే టాకీస్‌కు కథలు రాయడానికి బొంబాయి వెళ్లాక బ్యోమ్‌కేశ్ ఏళ్లతరబడి మూగబోయాడు. సినిమాలు వదిలేసి పుణెలో స్థిరపడిన రోజుల్లో మళ్లీ నోరు విప్పాడు. 1967లో సత్యజిత్ రాయ్ ‘చిడియాఖానా’ తీసి ఉత్తమ్ కుమార్‌ను బ్యోమ్‌కేశ్‌ను చేశారు. అయినా బెంగాల్ బయటి జనానికి బ్యోమ్‌కేశ్ అంటే రజిత్ కపూర్ ముఖమే.

మొదటి ఎపిసోడ్ ‘సత్యాన్వేషీ’నే తీసుకుందాం. కలకత్తాలో ఒక మెస్సు. కింది అంతస్తులో అనుకూల్ బాబు అనే హోమియో డాక్టరు. మెత్తని మాట, చేతిలో మందుల పెట్టె, పేదలకు ఉచిత వైద్యం. పై గదిలో అజిత్. అతుల్ పేరుతో కొత్తగా వచ్చిన యువకుడికి చోటు దొరక్కపోతే తన గదిలోనే సర్దుకొమ్మంటాడు. ఆ అతులే బ్యోమ్‌కేశ్. ఆ డాక్టరే కొకైన్ వ్యాపారి, హంతకుడు. ఇదంతా తెలిసి మళ్లీ చూస్తే అజిత్ పడే ఇబ్బంది మన గుండెకు తగులుతుంది. రోజూ కబుర్లు చెప్పుకునే మంచి మనిషిని అనుమానించాలా, నిన్నగాక మొన్న వచ్చినవాణ్ణి నమ్మాలా? రైనా ఈ సందేహాన్ని మాటల్లో పెట్టడు. డాక్టరు మాట్లాడుతుంటే మర్యాదగా తలూపుతాడు, అంతే. అజిత్‌ను తెలివితక్కువవాడిగా చూపించి బ్యోమ్‌కేశ్‌ను పెద్ద చేయడం చాలా తేలిక. బాసు ఛటర్జీ ఆ దారి తొక్కలేదు. అజిత్ మోసపోతే అది అతని మంచితనం వల్లే, మనమైనా అలాగే మోసపోతాం.

రైనాను ఇందుకు ఎంచుకోవడం వెనుక ఒక చరిత్ర ఉంది. 1986లో బాసు ఛటర్జీయే తీసిన ‘ఏక్ రుకా హువా ఫైస్లా’లో పదకొండుమంది దోషి అంటున్న కుర్రాడి తరఫున ఒంటరిగా నిలబడి, ఒక్కొక్కరినీ ప్రశ్నించే జ్యూరీ సభ్యుడు రైనానే. ఆఖరుదాకా మొండికేసేది కరమ్‌చంద్‌గా పేరు తెచ్చుకున్న పంకజ్ కపూర్. అంత పదునైన ప్రశ్నలు వేసిన నటుణ్ణి ఏడేళ్ల తర్వాత వినేవాడి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ నిర్ణయానికి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను.

‘మకడీ కా రస్’ చూడండి. నందదులాల్ బాబు అనే ముసలాయన సాలీడు రసానికి బానిస. ఇంటివాళ్లు ఎంత కాపలా కాసినా ఆ మత్తు ఆయనకు ఎలా చేరుతుందో అంతుపట్టదు. బ్యోమ్‌కేశ్ మరో పనిలో ఉండి అజిత్‌ను పంపిస్తాడు. అజిత్ గదంతా చూస్తాడు. ముసలాయన ఏవో రాతలు రాస్తుంటాడు. ఒక కలంలో నల్ల సిరా, ఒక దానిలో ఎర్ర సిరా. ఆలోచించుకుంటూ కలం నాలుకకు ఆనించుకుంటాడు. అజిత్ ఇంటికొచ్చి పూసగుచ్చినట్టు చెబుతాడు. ఆ గదిలో కాలు పెట్టకుండానే బ్యోమ్‌కేశ్ ఎర్ర సిరా దగ్గర ఆగుతాడు. చూసింది అజిత్, చెప్పింది అజిత్. తన మాటల్లోనే జవాబు ఉందని తెలియనిది కూడా అజిత్‌కే. సాధారణంగా అసిస్టెంటు సాక్ష్యాన్ని తప్పుగా మోసుకొస్తాడు. ఇక్కడ సాక్ష్యంలో పొల్లు లేదు. అజిత్ రచయిత కావడం వల్ల ఒక్క చిన్న వివరం కూడా జారిపోలేదు. కథకు ఇంతకంటే గౌరవం ఇంకెక్కడ దొరుకుతుంది?

లోపాలు లేవని కాదు. సెట్లు పలచన, వెలుతురు చదును, కొన్ని ఎపిసోడ్ల ముగింపులో హడావిడి. 1930ల కలకత్తాను చూపించేంత డబ్బు లేదని తెలిసిపోతుంది. వీధుల కన్నా గదులే ఎక్కువ. అయితే ఆ కొరతే మాటను ముందుకు తెచ్చింది. 2020 లాక్‌డౌన్‌లో రామాయణ్, మహాభారత్‌తోపాటు దూరదర్శన్ దీన్నీ మళ్లీ ప్రసారం చేసినప్పుడు, ఇళ్లలో కూర్చున్న జనానికి గదుల్లో నడిచే ఈ కథలు బాగానే అతికాయి. ఆ జూన్ 4న బాసు ఛటర్జీ కన్నుమూశారు.

బ్యోమ్‌కేశ్ పెళ్లి చేసుకుంటాడు. సుకన్య కులకర్ణి వేసిన సత్యవతి ఒక కేసులోనే పరిచయమై ఆ ఇంటి ఇల్లాలవుతుంది. అజిత్ ఎక్కడికీ వెళ్లడు, ఆ ఇంట్లోనే ఉంటాడు. టీ కప్పుల మధ్య ముగ్గురూ ఒకరినొకరు ఆటపట్టించుకునే సన్నివేశాలు ఏ కేసుకూ ఉపయోగపడవు. వాటిని కోసేస్తే సీరియల్ మిగలదు.

శరదిందు ‘ఆదిమ్ రిపు’ కథను సీరియల్‌లో ‘ఆదిమ్ శత్రు’గా రెండు భాగాలు చేశారు. 1946 అల్లర్ల నుంచి స్వాతంత్ర్యం దాకా సాగే కథ అది. అక్రమంగా పోగుచేసిన నోట్లను పుస్తకాల్లా బైండు చేసి దాస్తారు. శరదిందు రాసిన ముగింపులో బ్యోమ్‌కేశ్ ఆ డబ్బును తగలబెట్టి, హంతకుణ్ణి పోలీసులకు అప్పగించకుండా వదిలేస్తాడు. అది న్యాయమా కాదా అని వాదించుకోవచ్చు, నాకైతే న్యాయమే. ఈసారి చూసేటప్పుడు వరుస గురించి పట్టించుకోకుండా ‘మకడీ కా రస్’తో మొదలుపెట్టి, ‘సత్యాన్వేషీ’కి వెనక్కి వెళ్లి, ఆ తర్వాత ఈ రెండు భాగాలూ చూడమంటాను. అజిత్ ఎవరో ఆ వరుసలోనే బాగా తెలుస్తుంది.