ఎనిమిదిన్నర గంటల దూరం

2015 మార్చి 24. మంగళవారం. మల్లి మస్తాన్ బాబు ఒక్కడే బయల్దేరాడు.

వీపున సంచి. ఎదురుగా కొండ. పక్కన గైడు లేడు, మోత మోసే మనిషి లేడు, తాడు రెండో కొస పట్టుకునేవాడు లేడు. చిలీ, అర్జెంటీనా దేశాల సరిహద్దు మీద నిలబడ్డ ఆ కొండ పేరు నెవాడో ట్రెస్ క్రూసెస్. దాని దక్షిణ శిఖరం ఎత్తు 6,749 మీటర్లు. మదనపల్లె నుంచి బస్సులో ఘాట్‌రోడ్డెక్కి, హార్స్లీ హిల్స్‌లో దిగి, గాలిబండ మీదికి నడిచి, చెవుల్లో గాలి హోరు పెడుతుంటే రెండు చేతులతో కండువా పట్టుకుని కిందికి చూస్తామే, ఆ కొండ సుమారు 1,290 మీటర్లు. అలాంటివి ఐదు ఒకదాని మీద ఒకటి పేర్చినా ట్రెస్ క్రూసెస్ నెత్తి అందదు.

అంత ఎత్తులో గాలి పలచన. ఒక్కో శ్వాసకు దక్కే ప్రాణవాయువు మన ఊళ్లో దొరికేదాంట్లో సగం కూడా ఉండదు. నాలుగడుగులు వేయాలి, ఆగాలి, రొప్పాలి. మళ్లీ నాలుగడుగులు. దాహమేస్తే మంచు తవ్వి స్టవ్ మీద కరిగించుకోవాలి. ఆ నీళ్లు ఎనభై డిగ్రీలు దాటకముందే మరిగిపోతాయి. వాటిలో బియ్యం పోస్తే పలుకు పలుకుగానే ఉంటుంది.

ఇవేవీ మస్తాన్ బాబుకి కొత్త కాదు. డిసెంబరులో ఇల్లు వదిలాడు. అప్పట్నుంచీ ఆండీస్ పర్వతాల్లోనే ఉన్నాడు, ఆరువేల మీటర్లు దాటిన శిఖరాలు వరసగా ఎక్కుతూ. వయసు నలభై. ఒంట్లో సత్తువ ఉంది, కాళ్లకి అలవాటుంది.

ఆ మంగళవారం తర్వాత అతని నుంచి కబురు రాలేదు.

కొండకి పడమరగా, చాలా కింద, అటకామా ఎడారి. ప్రపంచంలో ఇంతకంటే ఎండిన నేల వెతకడం కష్టం. అక్కడి ఇళ్లు వానని లెక్కలో పెట్టుకుని కట్టినవి కావు. వాగులు పేరుకే వాగులు. వాటి పొట్టలో ఇసుక, రాళ్లు, అక్కడక్కడా జనం వేసుకున్న ఇళ్లు.

ఆ వారమే ఆకాశం తిరగబడింది. పసిఫిక్ సముద్రం మామూలు కంటే వేడెక్కి ఉంది. దాని మీదుగా తేమ పీల్చుకుంటూ ఒక చల్లటి అల్పపీడనం తీరం దాటి ఎడారి మీదికి వచ్చి కూర్చుంది. మార్చి 24 రాత్రి, 25 పగలు. ఏళ్ల తరబడి కురవాల్సిన వాన గంటల్లో కురిసింది. ఎండిన నేలకి నీళ్లు తాగడం తెలియదు. కొండచరియల మట్టినంతా ఊడ్చుకుంటూ, బండరాళ్లను దొర్లించుకుంటూ, కార్లను ఎత్తి గోడలకేసి కొడుతూ, ఎన్నేళ్లుగానో చుక్క నీరు పారని కోపియాపో నది బురద నదై, అదే పేరున్న ఊరి నడివీధుల్లోకి పొర్లింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. వేలమందికి నిలవ నీడ లేకుండా పోయింది. రోడ్లు తెగాయి. కరెంటు పోయింది. ఫోన్లు మూగబోయాయి.

చిలీ వైపు నుంచి ట్రెస్ క్రూసెస్ ఎక్కాలనుకునేవాళ్లు బయల్దేరే ఊరు ఈ కోపియాపోనే. కింద వానగా కురిసేది పైన మంచుగా దిగుతుంది. కింద గాలిదుమారమైతే పైన మనిషిని నిలబడనివ్వని గాలి.

బుధవారం గడిచింది. కొండ మీంచి మనిషి దిగలేదు.

నెల్లూరు జిల్లా సంగం మండలం, గాంధీజనసంగం. పెన్నానది పక్క పల్లె. మార్చి చివర్లో అక్కడ వరికోతల కాలం. పొద్దెక్కితే ఎండ చురుక్కుమంటుంది, రాత్రికి కూడా గోడలు వేడి కక్కుతుంటాయి. ఆ పల్లెకీ ఆ కొండకీ మధ్య ఎనిమిదిన్నర గంటల తేడా. అక్కడ మిట్టమధ్యాహ్నమైతే ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర. అక్కడ గాలింపు హెలికాప్టర్ లేచే వేళకి ఇక్కడ దీపాలు పెడతారు. అక్కడ చీకటిపడి వెతుకులాట ఆగేసరికి ఇక్కడ కోడి కూస్తుంది. అంటే కబురు ఏదొచ్చినా రాత్రే రావాలి.

కొడుకు కనపడటం లేదన్న మాట తల్లి చెవిన పడింది.

ఆ ఇంట్లో పెద్ద చదువులు లేవు, ఆస్తులు లేవు. అలాంటి ఇంట్లో 1974 సెప్టెంబరు 3న పుట్టాడు మస్తాన్ బాబు. పదేళ్ల వయసులో సైనిక్ స్కూల్ పరీక్ష గట్టెక్కి, ఆరువందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న విజయనగరం పక్క కోరుకొండకి చేరాడు. రాజుల కోటలో నడిచే బడి అది. అక్కడే ఒక విగ్రహం అతని కంటపడింది.

లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు. అదే బడిలో చదివి సైన్యంలో చేరిన కుర్రాడు. 1985లో భారత సైన్యం ఎవరెస్టు మీదికి పంపిన బృందంలో ఉన్నాడు. శిఖరానికి దిగువన సౌత్‌కోల్ అనే చోట తుపాను పట్టేసింది. గుడారాలు చిరిగాయి. నలుగురు అధికారులు అక్కడే ప్రాణాలు వదిలారు. వాళ్లలో ఉదయభాస్కరరావు ఒకడు. కొండ చంపిన మనిషి విగ్రహం చూసి పిల్లలు భయపడాలి. మస్తాన్ బాబుకి మాత్రం ఆ విగ్రహమే కొండలవైపు దారి చూపింది.

కానీ ముందు చదువు. జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగ్. ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్. సత్యం కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తర్వాత కలకత్తా ఐఐఎం. పేదింటి పిల్లాడికి ఇంతకంటే గట్టి నిచ్చెన ఈ దేశంలో లేదు. చివరిమెట్టు మీద ఏసీ గది, కారు, నగరంలో ఫ్లాట్ వరసగా ఎదురుచూస్తాయి. 2004లో ఆ మెట్టు దాకా వెళ్లి మస్తాన్ బాబు పక్కకి దిగేశాడు. సంచి సర్దుకున్నాడు.

రెండేళ్లు తిరక్కుండానే ఆ సంచి అంటార్కిటికాలో తేలింది.

ఏడు ఖండాల్లో ఏడు ఎత్తైన శిఖరాలు. వీటన్నిటినీ మొదట ఎక్కినవాడు డిక్ బాస్ అనే అమెరికన్ వ్యాపారవేత్త, 1985లో. అంటే ఇది డబ్బున్నవాళ్లు మొదలుపెట్టిన ఆట. అంటార్కిటికా విమానం టికెట్‌కే మధ్యతరగతి మనిషి ఏళ్ల జీతం చాలదు. మస్తాన్ బాబు దగ్గరున్నదల్లా దాచుకున్న సొమ్ము, స్నేహితుల సాయం. ఆ రెండింటితో, ఒక విమానాశ్రయం నుంచి ఇంకో విమానాశ్రయానికి సంచి ఈడ్చుకుంటూ, 2006 జనవరి 19న విన్సన్, ఫిబ్రవరి 17న అకంకాగువా, మార్చి 15న కిలిమంజారో, ఏప్రిల్ 1న కోస్కియుస్కో, మే 21న ఎవరెస్టు, జూన్ 13న ఎల్‌బ్రస్, జూలై 10న డెనాలీ, ఇలా ఏడింటినీ 172 రోజుల్లో ఎక్కి దిగాడు. అప్పటికి ప్రపంచ రికార్డు. క్యాలెండరు తిరగేసి చూడండి: గురు, శుక్ర, బుధ, శని, ఆది, మంగళ, సోమ. వారంలో ఏడు రోజులు, రోజుకో శిఖరం చొప్పున.

ఏడుసార్లు వెళ్లాడు. ఏడుసార్లూ తిరిగొచ్చాడు. అందుకే మార్చి చివర్లో అతను కనపడటం లేదని తెలిసినప్పుడు స్నేహితులు వెంటనే ఆశ వదులుకోలేదు. ఎక్కడో గుడారంలో తలదాచుకుని ఉంటాడు. మంచు తగ్గాక దిగుతాడు. అతను మస్తాన్ బాబు.

రోజులు లెక్క పెట్టడం మొదలైంది.

కోరుకొండ స్నేహితులు, ఖరగ్‌పూర్ స్నేహితులు, కలకత్తా స్నేహితులు. కొందరు ఇండియాలో, కొందరు అమెరికాలో. ఎవరి గదిలో వాళ్లు, ఎదురుగా కంప్యూటర్, చేతిలో ఫోన్. ఫేస్‌బుక్‌లో పేజీ తెరిచారు. చందాలు పోగుచేశారు. స్పానిష్ తెలిసినవాళ్ల కోసం వాకబు చేశారు. ఆ కొండ తెలిసినవాళ్ల కోసం, అక్కడిదాకా ఎగరగల హెలికాప్టర్ కోసం తలుపులు తట్టారు. విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ దాకా విషయం వెళ్లింది. ఢిల్లీ నుంచి శాంటియాగోకి, బ్యూనస్ ఎయిరిస్‌కి ఫోన్లు వెళ్లాయి. రెండు దేశాల రాయబార కార్యాలయాలు కదిలాయి.

కొండ కదల్లేదు.

పలచటి గాలిలో హెలికాప్టర్ రెక్కలకి పట్టు దొరకదు. ఎత్తు పెరిగేకొద్దీ అది మోయగల బరువు తగ్గుతుంది. గాలి విసురు పెరిగితే దగ్గరికే పోలేదు. చిలీ వైపు ఇంకో కష్టం: వరదలో కొట్టుకుపోయిన ఊళ్లకి కూడా ఆ హెలికాప్టర్లే కావాలి. ఇళ్ల కప్పుల మీద, బురదలో నడుంలోతున జనం ఉన్నారు. అలాంటప్పుడు ఒక్క మనిషి కోసం, ఎక్కడున్నాడో తెలియని మనిషి కోసం, ఆరువేల మీటర్ల మీద వెతకాలి. అయినా వెతికారు. భాష తెలియని, ఊరు తెలియని, ఎన్నడూ చూడని మనిషి కోసం అక్కడి కొండవాళ్లు మంచులోకి నడిచారు. ఆ ఋణం మామూలుది కాదు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. తక్కువ ఖర్చులో దేశాలు తిరగాలంటే అన్నిటికంటే ముందు తెగ్గోసేది మనుషుల ఖర్చు. గైడు వద్దు, డ్రైవరు వద్దు, రెండో గుడారం వద్దు. అలా మిగిలిన డబ్బుతోనే ఇంకో కొండ, ఇంకో దేశం. వీపున సంచీతో తిరిగే ప్రతివాడికీ తెలిసిన లెక్క ఇది. లాటిన్ అమెరికా బస్‌స్టాండ్లలో, చవక సత్రాల్లో, రొట్టె పంచుకునే వంటగదుల్లో ఈ లెక్క ఎంతో స్వేచ్ఛనిస్తుంది. ఊళ్లలో తప్పు జరిగితే పక్క మంచం మనిషి ఉంటాడు. ఆరువేల మీటర్ల మీద పక్క మంచం ఉండదు. కాలు మడతపడినా, తల తిరిగినా, ఊపిరితిత్తుల్లో నీరు చేరినా చూసేవాళ్లుండరు. మస్తాన్ బాబుకి ఇది అందరికంటే బాగా తెలుసు. తెలిసే వెళ్లాడు. అతన్ని దుడుకువాడనడం అన్యాయం. ఎన్నో కొండల మీద తన బరువు తానే మోసుకున్న మనిషి, ఈ కొండ మీద కూడా అదే చేశాడు.

మార్చి నెల అయిపోయింది. ఏప్రిల్ 1. ఏప్రిల్ 2. గాంధీజనసంగంలో ఇంటి ముందుకి జనం వస్తూనే ఉన్నారు. టీవీల వాళ్లు వచ్చారు. నాయకులు వచ్చారు. అందరి దగ్గరా ఒకటే మాట, వెతుకుతున్నారమ్మా. ఎవరి ఫోను మోగినా అన్ని తలలూ అటు తిరిగేవి.

ఏప్రిల్ 3. గుడ్ ఫ్రైడే.

చిలీ, అర్జెంటీనాల్లో ఊళ్లన్నీ చర్చిల దగ్గరున్నాయి. కొండ మీద గాలి కాస్త తగ్గింది. గాలింపు బృందాలకి మంచు మధ్య దొరికాడు మస్తాన్ బాబు. ఊపిరి లేదు. కనపడకుండా పోయి అప్పటికి పది రోజులు.

ఎనిమిదిన్నర గంటలు దాటుకుని ఆ కబురు ఇక్కడికొచ్చేసరికి శనివారం. ఢిల్లీ ఖాయం చేసింది. ప్రధాని సంతాపం చెప్పారు. ఫేస్‌బుక్ పేజీలో రాత్రింబవళ్లు కూర్చున్న స్నేహితులు, అప్పటిదాకా ఎక్కడున్నాడు అని అడుగుతున్నవాళ్లు, ఇక ఎలా తేవాలి అని అడగడం మొదలుపెట్టారు.

తేవడం కూడా తేలిక కాలేదు. కొండ మీంచి దేహాన్ని దించాలి. సరిహద్దు కొండ కాబట్టి రెండు ప్రభుత్వాల కాగితాలు కావాలి. విమానాలు మారాలి. రోజులు కాదు, వారాలు పట్టింది. ఇంటి దగ్గర తల్లికి కడసారి చూపు కోసం కూడా ఎదురుచూపే.

ఏప్రిల్ చివరి వారంలో శవపేటిక చెన్నైలో దిగింది. అక్కణ్నుంచి నెల్లూరు రోడ్డు, నెల్లూరు నుంచి సంగం. ఎండ మాడుస్తోంది. రోడ్డు పక్కన జనం. బడిపిల్లలు, రైతులు, కోరుకొండలో ఒకే డార్మిటరీలో పెరిగిన మిత్రులు. ఎవరెస్టు అంటే పుస్తకంలో బొమ్మగా మాత్రమే తెలిసిన పల్లెలో, దాన్ని ఎక్కిన మనిషి పెట్టె మీద జాతీయ జెండా కప్పారు. ప్రభుత్వ లాంఛనాలతో గాంధీజనసంగంలోనే అంత్యక్రియలు చేశారు. ఒక్కడే నడిచిన మనిషి వెనక ఆ రోజు నడవడానికి ఆ ఊరి దారి చాల్లేదు.